చాక్లెట్ గ్రానోలా - గిన్నెడా, గుప్పెడా?

మా అత్తగారు కాఫీలో పంచదార మానేసిన మూడు నెలలకు ఆవిడ రక్తంలో పంచదార పెరిగింది!

ఇదేం చోద్యమని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మేమూ అలాగే వేలేసుకున్నాం. ఆవిడ నోరు కట్టుకోవడంలో లోపమేమీ లేదు. ఉగాదినాడు బొబ్బట్టు ముట్టలేదు. పక్కింటివాళ్లు పంపిన మైసూరుపాకు నా చేతికిచ్చి తాను అవతలికి తిరిగి కూర్చున్నారు. పొద్దున్నే ఇడ్లీలు, మినపట్లు కూడా మానేశారు. వాటి బదులు, మా చిన్నవాడి కోసం తెచ్చిన డబ్బాలోంచి చాక్లెట్ గ్రానోలా గిన్నెలో పోసుకుని, దానిమీద పాలు పోసుకుని తినేవారు.

ఓట్స్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు "ఓట్లేమిటే, తినడమేమిటే!" అని నవ్విన మనిషే, నాలుగు రోజులు తిరిగేసరికి "కరకరలాడుతూ బాగానే వుందమ్మాయ్, ఒంటికి మంచిదట కూడానూ" అనడం మొదలుపెట్టారు. డబ్బామీద పచ్చటి ఆకులు, గోధుమరంగు గింజలు, "ఆరోగ్యం" అన్న మాట పెద్ద అక్షరాలతో వున్నాయి మరి. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

డాక్టరుగారు పరీక్ష కాగితం చూసి, "పొద్దున ఏం తింటున్నారు?" అని అడిగారు. చెప్పాం. "ఎంత?" అన్నారు. "ఏదో, గిన్నెడు" అన్నారు అత్తగారు. "ఆ డబ్బా ఒకసారి తీసుకురండి" అన్నారాయన.

తీసుకువెళ్లే ముందు నేనే వెనక్కి తిప్పి చదివాను. అప్పటిదాకా ముందువైపు తప్ప వెనకవైపు చూడలేదని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మీలోనూ చాలామంది నాబోటివారే అయివుంటారు. నూరు గ్రాములకు చక్కెర 26 గ్రాములని చిన్న అక్షరాలతో వుంది. మా ఇంటి గిన్నె నిండా పోసి తక్కెడలో పెడితే సరిగ్గా నూరు గ్రాములు తూగింది. అంటే అత్తగారు కాఫీలో రెండు చెంచాల పంచదార మానేసి, గిన్నెలో ఐదు చెంచాలు తింటున్నారన్నమాట! దొడ్డిదారిన వచ్చిన దొంగను మేము వీధి వాకిట్లో కాపలా కాశాం.

ఆ రోజునుంచి ఆ డబ్బా మా ఇంట్లోకి రాలేదు. కాని మా చిన్నవాడు వూరుకుంటాడా? "నాన్నమ్మకు పడకపోతే నాకెందుకు మానిపించాలి?" అని వాడి వాదన. వాదన న్యాయంగానే వుంది. అంచేత ఇంట్లోనే చేద్దామని కొంగు బిగించాను. చేసి, మాడ్చి, మళ్లీ చేసి, నేర్చుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

ఎక్కడ పుట్టింది?

ఈ గ్రానోలా పుట్టిల్లు అమెరికా. తమాషా ఏమిటంటే, ఇది వంటింట్లో కాక ఆరోగ్యాశ్రమంలో పుట్టింది. న్యూయార్కు రాష్ట్రంలో డాన్స్‌విల్ అనే వూళ్లో జేమ్స్ కాలెబ్ జాక్సన్ అనే వైద్యుడు అటువంటి ఆశ్రమం నడిపేవాడు. 1863లో ఆయన తవుడు తీయని గోధుమపిండిని తడిపి, పలచని రేకులుగా కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చి, రవ్వలా విరిచి దానికి "గ్రాన్యులా" అని పేరు పెట్టాడు. అది ఎంత గట్టిగా వుండేదంటే, రాత్రి పాలలోనో నీళ్లలోనో నానవేస్తే గాని పొద్దున పంటికి లొంగేది కాదు.

తరువాత మిషిగన్ రాష్ట్రంలో బాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమాన్ని నడిపిన డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ గోధుమ, ఓట్స్, మొక్కజొన్నపిండి కలిపి ఇటువంటిదే తయారుచేశాడు. పేరు కూడా అదే పెట్టుకున్నాడు. జాక్సన్‌గారి తరఫువాళ్లు కోర్టుకెక్కడంతో, ఒక్క అక్షరం మార్చి "గ్రానోలా" అన్నాడు. ఈ కెలాగ్ కుటుంబమే తరువాత కార్న్‌ఫ్లేక్స్‌తో లోకమంతా పేరు తెచ్చుకుంది.

కొన్నేళ్లకు ఈ పేరు మరుగునపడింది. మళ్లీ 1960లలో, యంత్రాల తిండి వద్దు, గింజలూ పళ్లూ చాలునన్న అమెరికా యువతీయువకులు దీన్ని పైకి తీశారు. ఈసారి పిండి రవ్వ బదులు ఓట్స్ అటుకులు, తేనె, నూనె, బాదంపప్పులు చేరాయి. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి లక్షలాది జనం వచ్చి, తిండి చాలక ఇబ్బంది పడినప్పుడు కాగితపు కప్పుల్లో గ్రానోలా పంచిపెట్టారు. 1972 వచ్చేసరికి పెద్ద కంపెనీలు దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మసాగాయి. ఆ తరువాత చాక్లెట్ వచ్చి చేరింది.

కాఫీ, టీ, మసాలాలు వద్దని రోగులకు నీతులు చెప్పిన ఆ కెలాగ్‌గారు ఇప్పుడు లేచివచ్చి, తన గ్రానోలాకు చాక్లెట్ పూత చూస్తే ఏమనేవారో!

మనకు కొత్తేమీ కాదు

పేరు కొత్తగాని, పని మనకు పాతదే. పేలాల వుండలు, మరమరాల వుండలు, నువ్వుండలు, వేరుసెనగపప్పు అచ్చులు చేసుకునే ఇంటికి గ్రానోలా ఒక లెక్కా? గింజను వేయించి, తీపిపాకం పట్టించి, చల్లార్చి, కరకరలాడేట్టు చేయడమే దీని రహస్యం కూడా. ఓట్స్ యవలకు దగ్గర చుట్టం. ఆ గింజను ఆవిరిలో మెత్తబరచి, రోలర్ల మధ్య నొక్కితే అటుకులౌతాయి. మనం వడ్లను నానబెట్టి, వేయించి, దంచి అటుకులు చేసుకోవడం లేదూ?

ఓట్స్‌లో నీటితో కలిస్తే జిగురుగా మారే ఒక రకం పీచు వుంది. బీటా గ్లూకాన్ అంటారు. రోజుకు 3 గ్రాముల చొప్పున అది కడుపులో పడితే చెడ్డ కొలెస్టరాల్ కొంత తగ్గుతుందని రుజువైంది. అంటే, ఓట్స్‌కు వచ్చిన మంచిపేరు వుత్త ప్రచారం కాదు. తంటా అంతా దానితో కూడా వచ్చే బంధువర్గంతోనే.

ఇక కోకో సంగతి. ఇది మరీ దూరపు వస్తువనుకోకండి. ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతాల కొబ్బరితోటల్లో నీడపట్టున పెరిగే చెట్టే కోకో. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. పనసకాయల్లాగే కోకోకాయలు కూడా మానుకే కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లటి, పుల్లతీపి గుజ్జులో ముప్ఫై నలభై గింజలుంటాయి. పచ్చి గింజకు చాక్లెట్ వాసనే వుండదు! గుజ్జుతో సహా అయిదారు రోజులు కప్పిపెట్టి మాగనిచ్చి, ఎండబెట్టి, వేయించిన తరువాతే ఆ వాసన పుడుతుంది. ఆ గింజలో దాదాపు సగం కొవ్వే. హాలండులో వాన్ హూటెన్ కుటుంబం 1828లో పేటెంటు పొందిన మర ఆ కొవ్వును చాలావరకు పిండేసింది. మిగిలిన చెక్కను పొడి చేస్తే వచ్చేదే కోకోపొడి.

బజారులో కొనేటప్పుడు ఒక్క మాట జ్ఞాపకం వుంచుకోండి. పాలలో కలుపుకు తాగే "డ్రింకింగ్ చాక్లెట్" వేరు, కోకోపొడి వేరు. మొదటిదానిలో హెచ్చుభాగం పంచదారే. మనకు కావలసింది తీపి లేని, చేదు కోకో.

కావలసిన వస్తువులు

ఓట్స్ అటుకులు (వెంటనే వుడికిపోయే నూకరకం కాదు, మందంగా వుండేవి) - 300 గ్రాములు
బాదం, జీడిపప్పు లేక వేరుసెనగపప్పు - 100 గ్రాములు
గుమ్మడి గింజలు లేక నువ్వులు - 30 గ్రాములు
ఎండుకొబ్బరి పలుకులు - 30 గ్రాములు
తీపి లేని కోకోపొడి - 30 గ్రాములు (సుమారు అయిదు పెద్ద చెంచాలు)
నూనె - 4 పెద్ద చెంచాలు
తేనె - 110 గ్రాములు. లేదా 90 గ్రాముల బెల్లం మూడు చెంచాల నీళ్లలో కరిగించి, వడపోసినది
ఉప్పు - అర చెంచా
కిస్‌మిస్ - 40 గ్రాములు
చేదు చాక్లెట్ ముక్కలు - 50 గ్రాములు

ఉప్పు చూసి ఆశ్చర్యపోవద్దు. పాయసంలో చిటికెడు ఉప్పు తీపిని పైకి తెచ్చినట్లే, ఇక్కడ అది కోకోను పైకి తెస్తుంది. ఉప్పు వేస్తే తేనె తగ్గించుకోవచ్చు.

చాక్లెట్ కొనేటప్పుడు కూడా వెనకవైపు చదవండి. కోకో కొవ్వు బదులు వేరే నూనెకొవ్వులు వేసి చేసినవి చవకగా దొరుకుతాయి. వాటికి ఆ రుచి రాదు.

చేసే పద్ధతి

ఓవెన్‌ను 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తెచ్చుకోండి. తేనె, నూనె, ఉప్పు ఒక గిన్నెలో వేసి కొంచెం వెచ్చబెట్టి, పొయ్యి దించాక కోకోపొడి అందులో కలపండి. వుండలు లేకుండా నల్లటి చిక్కటి పాకంలా రావాలి. కోకోను పొడిగా ఓట్స్‌మీద చల్లవద్దు. నూనె పట్టని పొడి ఓవెన్‌లో తొందరగా మాడి చేదెక్కుతుంది.

పెద్ద పళ్లెంలో ఓట్స్, బద్దలు చేసిన పప్పులు, గింజలు వేసి, ఈ పాకం పోసి, ప్రతి అటుకుకూ రంగు పట్టేదాకా చేత్తో కలపండి. ఓవెన్ పళ్లెంలో కాగితం పరిచి, అరంగుళం మందాన పరచి, గరిటె వెనకతో అదమండి. పదిహేను నిమిషాలయ్యాక పళ్లెం బయటికి తీసి, ఒకసారి తిరగవేసి, కొబ్బరి పలుకులు కలిపి, మళ్లీ అదిమి లోపల పెట్టండి. ఇంకో పది పన్నెండు నిమిషాలు చాలు.

ఇక్కడే నేను మొదటిసారి బోల్తాపడ్డాను. మామూలు గ్రానోలా బంగారురంగుకు వస్తే దించాలి. కాని కోకో వేసినది మొదటినుంచీ మట్టిరంగే. రంగు మారుతుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. అది మారుతుందా? మాడిన వాసన వీధిలోకి వెళ్లి, మావారు ఆఫీసునుంచి వస్తూ, "ఏమిటి, బొగ్గుల బట్టీ పెట్టావా?" అని అడిగారు. అంచేత కంటిని నమ్మకండి. గడియారాన్ని, ముక్కును నమ్మండి. వేయించిన పప్పుల వాసన గుప్పున రాగానే దించేయాలి.

దించినప్పుడు అది మెత్తగానే వుంటుంది. "అయ్యో, ఉడకలేదు" అని మళ్లీ లోపల పెట్టవద్దు. వేరుసెనగ అచ్చు పొయ్యిమీద వున్నప్పుడు గట్టిగా వుంటుందా? పాకం చల్లారితేనే బిగుస్తుంది. ఇదీ అంతే. గంటసేపు కదిలించకుండా వదిలేయండి. వేడిమీద కలిపితే పొడిపొడిగా రాలిపోతుంది. చల్లారాక విరిస్తే పెద్ద పెద్ద పలుకులు వస్తాయి.

కిస్‌మిస్, చాక్లెట్ ముక్కలు పూర్తిగా చల్లారిన తరువాతే కలపాలి. నేను మొదటిసారి అన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టాను. కిస్‌మిస్ ఉబ్బి, ఎండి, గులకరాళ్లయ్యాయి. చాక్లెట్ కరిగి, పళ్లేనికి అంటుకుని, మాడింది. చిన్నవాడు ఒకటి నోట్లో వేసుకుని, "అమ్మా, ఇది తినేదా, గోళీలాడేదా?" అన్నాడు.

ఓవెన్ లేనివారికి

అడుగు మందంగా వున్న మూకుడు చాలు. సన్నని సెగమీద ఓట్స్‌ను రెండు మూడు విడతలుగా, కమ్మటి వాసన వచ్చి కరకరలాడేదాకా, ఎనిమిది పది నిమిషాలు వేయించండి. పప్పులు, గింజలు, కొబ్బరి విడివిడిగా వేయించండి. ఒక్కొక్కటి ఒక్కొక్క సమయానికి వేగుతుంది. కలిపి వేయిస్తే నువ్వులు మాడి, బాదం పచ్చిగా మిగులుతుంది.

తరువాత 90 గ్రాముల బెల్లం మూడు చెంచాల నీళ్లలో కరిగించి, వడపోసి, వుండపాకం రానివ్వండి. చన్నీళ్లలో ఒక చుక్క వేస్తే వేళ్లమధ్య వుండగా చేరాలి. పొయ్యి ఆర్పి, రెండు చెంచాల నెయ్యి, ఉప్పు, కోకోపొడి కలిపి, వెంటనే ఓట్స్, పప్పులు వేసి గబగబ కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో అదమండి. చల్లారాక విరుచుకోండి. మా అత్తగారి అభిప్రాయంలో ఓవెన్‌లో చేసినదానికన్నా ఇదే రుచి. బెల్లంపాకం చేసిన చేతికి పక్షపాతం వుంటుంది కాబోలు!

నిలవచేసే సంగతి

గాలి చొరని సీసాలోనో, మూత బిగువైన స్టీలు డబ్బాలోనో పోస్తే మూడు వారాలు నిలుస్తుంది. తడిచెంచా పెట్టకూడదు. సముద్రపుగాలి వూళ్లలో, వానాకాలంలో మెత్తబడితే మళ్లీ ఎనిమిది నిమిషాలు ఓవెన్‌లో వెచ్చబెడితే తేరుకుంటుంది. కాని చాక్లెట్ కలిపివుంటే ఈ వైద్యం పనికిరాదు. అందుకని మండువేసవిలోనూ, వానల్లోనూ చాక్లెట్ ముక్కలు, కిస్‌మిస్ వేరే సీసాలో వుంచుకుని, తినేటప్పుడు వేసుకోవడం మంచిది. పప్పులు ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయాలి.

ఏడాది నిండని పసివాళ్లకు తేనె కలిసినదేదీ పెట్టకూడదు. అరుదుగానైనా అందులో వుండే ఒక సూక్ష్మజీవి వాళ్లకు ప్రాణాపాయం తెస్తుంది. నాలుగైదేళ్లలోపు పిల్లలకు పప్పులు బద్దలుగా కాక, పలుకులుగా నూరి వేయాలి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం వుంది. ఇంట్లో కుక్క వుంటే చాక్లెట్, కిస్‌మిస్ దానికి అందనివ్వకండి. అవి దానికి విషం.

అసలు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇంట్లో చేసినంత మాత్రాన ఇది మందైపోతుందా?

కాదు. నిజం చెప్పుకోవాలి. పైన చెప్పిన కొలతకు సుమారు 700 గ్రాములు తయారవుతుంది. తేనె, చాక్లెట్‌ల నుంచి వచ్చే చక్కెర నూరు గ్రాములకు 15 గ్రాములు పడుతుంది. అత్తగారి పాత డబ్బాకన్నా చాలా తక్కువే. కాని పప్పులు, నూనె, కొబ్బరి వున్నాయి గనక నూరు గ్రాములకు దాదాపు 490 కాలరీలు వస్తాయి. గిన్నెడు తింటే పొద్దుటి పూటకే అన్నం పూట లెక్క తేలిపోతుంది.

తేనె, బెల్లం పంచదారకన్నా మంచివి గదా, వాటితో భయం లేదు గదా అని చాలామంది అంటారు. రుచికీ వాసనకూ మంచివే. రక్తంలోకి వెళ్లాక మాత్రం వాటికి వేరే పీట వెయ్యరు. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చేసిన సూచనలో తేనెను కూడా పంచదారతోపాటే లెక్కకట్టారు. రోజు మొత్తానికి ఇటువంటి చక్కెర 25 గ్రాములు, అంటే అయిదారు చెంచాలు, దాటకపోతే మరీ మంచిదని అందులో చెప్పారు.

కాబట్టి గిన్నెడు కాదు, గుప్పెడు. 40 గ్రాములు. మా ఇంట్లో చిన్న స్టీలు కప్పు ఒకటి తూచి, గ్రానోలా డబ్బాలోనే పడేశాను. ఒక కప్పు గ్రానోలా, దానికి రెండింతలు తియ్యని పెరుగు, ఒక జామపండో, అరటిపండు సగమో ముక్కలుగా తరిగి కలిపితే పిల్లవాడికి చక్కటి ఫలహారం. ఆ కప్పులో చక్కెర చెంచాపైన కాస్త. కాలరీలు 200కు లోపు. పెరుగు తోడవడంవల్ల కడుపూ నిండుతుంది.

బజారు డబ్బా కొనక తప్పనివారికి ఒక చిట్కా. వెనకవైపు వస్తువుల పట్టికలో ఏది ఎక్కువ తూకం వుంటే అది ముందు రాయాలని మన దేశంలో నియమం. ఓట్స్ తరువాత వెంటనే పంచదార వుంటే, అది మిఠాయి అని తెలుసుకోండి. ఒకే చక్కెరను పంచదార, గ్లూకోజ్ సిరప్, తేనె, బెల్లం అని నాలుగు పేర్లతో విడదీసి, నాలుగూ కిందివరసల్లో వేసే గడసరులుంటారు. నాలుగూ కూడుకుని చూడండి.

మా అత్తగారు ఇప్పుడు పొద్దున పెసరట్టు తింటున్నారు. సాయంత్రం గుడిదాకా నడిచివస్తున్నారు. ఆదివారంనాడు మాత్రం ఆ స్టీలు కప్పులో సగం, పెరుగులో కలుపుకుని, పలుకు పలుకూ నమిలి తింటారు. మరో మూడు నెలలకు చేయించిన పరీక్షలో అంకె కాస్త దిగింది. ఆ ఘనత నా గ్రానోలాకు కట్టబెట్టబోయాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నీ వంటదేముందే అమ్మాయ్, ఆ కప్పుదే గొప్ప" అన్నారు.

ఆ మాట డబ్బాల మీద ముందువైపు, పెద్ద అక్షరాలతో వేస్తే ఎంత బావుండును!